మూడో రింగు

మదీనాగూడ,
3 మే 2025, శనివారం

సాయీ,

"ప్రియమైన తమ్ముడికి" అని మొదలుపెడదామనే కూర్చున్నాను. చెయ్యి రాలేదు. నీ మీద కోపం ఇంకా దిగలేదు. మొన్న ములాఖాత్‌కు వచ్చినప్పుడు జాలీకి అటు నువ్వు, ఇటు నేను అరుచుకున్నది చాలు. మన గొంతులకు పక్కనున్న ముసలామె కొడుకు కోసం తెచ్చుకున్న అరటిపండ్లు కింద పడేసుకుంది. ఇక రాను. జైలు నుంచి ఫోన్ చేసినా ఎత్తను. ఉత్తరంలో అయితే నువ్వు నా మాటకు అడ్డం రాలేవు కదా, అందుకే రాస్తున్నాను. అదీ ఎడమ చేత్తో. అక్షరాలు చూసి నవ్వావంటే ఊరుకోను.

ఆ ఆదివారం సంగతి నీకు సగమే తెలుసు. నువ్వు వెనక గదిలో ఉన్నావు. మధుసూదన్ సార్ మన షాపు మెట్లెక్కి వచ్చేటప్పటికే మనిషి మనిషిలా లేడు. మనం చేసిచ్చిన గాలం కర్ర రెండు ముక్కలై ఆయన చేతిలో ఉంది. మంజీర ఒడ్డున పెద్ద బొచ్చె చేప పడిందట. లాగుతుంటే మూడో రింగు దానికి చుట్టిన దారంతో సహా ఊడిపోయి, బరువంతా ఒక్కచోటే పడి కర్ర విరిగిందట. ఆయన గచ్చిబౌలి ఆఫీసు వాళ్లంతా ఫోన్లలో వీడియో తీస్తూ నవ్వారట.

"ఈ చేతులతోనేనా చుట్టింది? ఇలా పెట్టు" అని నా కుడి చెయ్యి బల్ల మీద అదిమాడు. "సార్, జర ఆగుండ్రి, చూస్త" అంటూనే ఉన్నాను. రెండు వేళ్లు పట్టుకొని వెనక్కి విరిచాడు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తోంది. నేను అరిచింది అప్పుడు, నువ్వు ఉరికి వచ్చింది అప్పుడు.

ఒక్క దెబ్బతో ఆగి ఉంటే నేనే నీకు చాయ్ పెట్టిచ్చేదాన్ని. ఆకురాయి పట్టుకొని ముఖం మీద నాలుగుసార్లు కొట్టావు. మూడోసారికే ఆయన కింద పడ్డాడు. పడ్డ మనిషిని మళ్లీ కొట్టావు సాయీ. కన్ను పోయిందని దవాఖానలో చెప్పారట. నువ్వు పోలీసు జీపెక్కి పోయావు, ఆ గది కడిగింది నేను. తెల్లదారం రీళ్లు ఆరు ఎర్రబడ్డాయి. ఉతికి చూశాను, గులాబీ రంగుకు వచ్చి అక్కడే ఆగాయి. పారేశాను.

విరిగిన కర్ర ముక్కలు ఆయన మనుషులే తీసుకెళ్లారు. ఆకురాయి పోలీసులు పట్టుకుపోయారు, కొత్తది కొన్నాను. నువ్వు చేసే పని కూడా ఇప్పుడు నాదే కదా. రింగుల కాళ్ల కొసలు నున్నగా అరగదీయాలి, వాటిని కర్రకు ఆనించి దారం చుట్టాలి, పోగులు కలిసేలా కొమ్ముతో రుద్దాలి, రెజిన్ పూయాలి. వేళ్ల కట్టు విప్పేదాకా ఎడమ చేత్తోనే.

ఇంకో మాట. రెండు రోజులుగా మెట్ల కింద తెల్ల కారు ఒకటి వచ్చి ఆగుతోంది. ఎవరూ దిగరు. కాసేపుండి వెళ్లిపోతుంది. నువ్వేమీ పరేషాన్ కాకు.

కోపంతోనే,
నీ అక్క రేణుక

—

జైలు,
12 మే 2025

అక్కకు నమస్తే.

నువ్వు మూడో తేదీన రాసింది నాకు ఇవాళ చేతికిచ్చారు. ఇక్కడ వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం అన్నీ ఆఫీసులో చదువుతారు. చదివి ముద్ర వేసి, వాళ్లకు తీరినప్పుడు ఇస్తారు. నీ ఎడమ చేతి రాత చదవలేక ఇంకో రెండు రోజులు ఎక్కువ పట్టి ఉంటుంది.

నాలుగుసార్లు అన్నావు. నాకు లెక్క గుర్తులేదు. గుర్తున్నది నీ చెయ్యి ఒక్కటే. బల్ల మీద వేళ్లు రెండూ వేలాడుతున్నాయి, వాడి చెయ్యి ఇంకా నీ మణికట్టు మీదే ఉంది. అది మళ్లీ చూస్తే మళ్లీ అదే చేస్తాను. నేను బాధపడుతున్నానని రాయమంటే రాయలేను.

ఇక్కడ బాగానే ఉన్నాను. మొన్న నల్లా దగ్గర ఒకడు నన్ను తోసి నా బకెట్ తన్నాడు. వాడి పన్ను ఒకటి ఊడింది, నా పిడికిలి చీలింది. ఇద్దరికీ ఒకే దవాఖానలో ఒకే కాంపౌండరు కట్టు కట్టాడు. ఇప్పుడు వాడే నాకు రోజూ నీళ్లు పట్టి పెడుతున్నాడు.

ఒక్కటి మాత్రం రాసుకో. నువ్వు చుట్టిన దారం ఊడదు. పదకొండేళ్లలో నీ చేతి మీదుగా పోయిన ఒక్క కర్ర కూడా తిరిగి రాలేదు. నువ్వు కొమ్ముతో రుద్దిన చోట దారం పోగు ఎక్కడుందో నాకే కనబడదు. వాడు అబద్ధం చెప్పాడు. కారు తలుపులో పెట్టి విరగ్గొట్టుకొని, నలుగురిలో నవ్వులపాలై, ఆ కోపం నీ మీద తీర్చుకున్నాడు.

ఆ తెల్ల కారు నంబరు రాసి పంపు. పరేషాన్ కావద్దని రాస్తే పరేషాన్ కాకుండా ఎట్లా ఉంటాను?

తమ్ముడు,
సాయిచంద్

—

మదీనాగూడ,
20 మే 2025

సాయీ,

ఒకరి కన్ను చాలక ఇంకొకరి పన్ను కూడానా? నీకు జైలు వేరే, బజారు వేరే అని తెలియదా? నీ వకీలు జయంతి మేడం కష్టపడి బెయిలు అడుగుతుంటే నువ్వు లోపల పళ్లు రాలగొడుతున్నావు. ఆమెకు ఈ సంగతి చెప్పలేదు, సిగ్గేసింది.

కట్టు విప్పారు. చూపుడు వేలు వంగుతుంది, పక్క వేలు వంగదు. దారం ఎట్లాగో చుట్టగలుగుతున్నాను, రుద్దడమే కుదరడం లేదు. నాయన బర్రె కొమ్ముతో ఆ రుద్దుడు పుల్ల చేసింది కుడి చేతి కోసం, ఎడమ చేతిలో నిలవదు. మెల్లగా రుద్దితే పోగుల మధ్య సందులు పోవు. గట్టిగా రుద్దితే దారం పీచు లేస్తుంది. ఒక్క రింగు దగ్గరే పొద్దంతా కూర్చున్నాను. నానక్‌రామ్‌గూడ ఆఫీసు పిల్ల ఒకామె తన కర్ర కోసం వచ్చి, నా చెయ్యి చూసి, "పర్లేదు అక్కా, నెమ్మదిగా ఇవ్వండి" అంది. ఆమె వెళ్లాక ఏడ్చాను. చెప్పకూడదనుకున్నాను, రాసేశాను.

ఊడిందా, ఊడలేదా అనే మాట ఇక వదిలెయ్. నా చేతిని అంతగా పొగడకు, నాకు బాగుండదు.

తెల్ల కారు ఇంకా వస్తోంది. మొన్న వెనక సీట్లో టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు అద్దం దించి పైకి చూశాడు. అదే పనిగా చూశాడు. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది, విసిరేశాను. కారు మీద పడి పగిలింది. కిందికి ఉరికేసరికి వెళ్లిపోయారు. నంబరు చూడలేదు, చూసినా నీకు రాయను.

అన్నం సరిగ్గా తిను.
రేణుక

—

29 మే 2025

అక్కా,

ఇది ఆఫీసుకు పోదు. రాకేష్ అని నా బ్యారక్‌లోనే ఉంటాడు, రేపు విడుదలవుతున్నాడు. చెప్పు అడుగున పెట్టుకొని తెచ్చి నీ చేతికే ఇస్తాడు. ఆకలి మీద ఉంటాడు, అన్నం పెట్టు.

నీ ఉత్తరం నిన్న అందింది. రాత్రంతా పడుకోలేదు. ఆ టోపీ మనిషి మధుసూదనే. కన్ను కనబడకుండా టోపీ పెట్టుకున్నాడు. నువ్వు ఎప్పుడు ఒంటరిగా ఉంటావో చూసుకుంటున్నాడు. నా మీదికి రాలేడు కాబట్టి నీ మీదికి వస్తాడు. ముందు నీ చేతులే పడతాడు, ఆ తర్వాత నీ కన్ను అడుగుతాడు. ఇక్కడ ఇట్లాంటివి రోజూ వింటున్నాను అక్కా, బయట కొట్టిన వాళ్ల ఇళ్లలో ఏమేం జరిగాయో.

అందుకే చెప్పింది చెయ్. వాడు మెట్లెక్కి లోపల కాలు పెడితే మాట్లాడనివ్వకు. మాట్లాడితే నువ్వు మెత్తబడతావు. షట్టర్ గుంజే ఇనుప కడ్డీ ఉంది కదా, అది నీ పక్కనే పెట్టుకో. ముందు నువ్వే కొట్టు. తల మీదే కొట్టు, చేతుల మీద కొడితే మళ్లీ లేస్తాడు. పడ్డాక కూడా ఆగకు. నేను నాలుగోసారి ఎందుకు కొట్టానో నీకప్పుడు తెలుస్తుంది. అయ్యేదేదో నేను చూసుకుంటాను.

చదివి కాల్చెయ్.
సాయి

—

మదీనాగూడ,
1 జూన్ 2025, ఆదివారం

సాయీ,

రాకేష్ వచ్చాడు. మూడుసార్లు అన్నం వేయించుకొని తిన్నాడు. ఆయన తెచ్చింది దారాల డబ్బా అడుగున పెట్టాను. కాల్చను. నువ్వు బయటికి వచ్చిన రోజు నీ ముఖానికే విసురుతాను.

అంతకంటే దాని గురించి రాయను, ఎందుకో నీకు తెలుసు. కానీ నన్ను భయపెట్టావురా. ఇన్ని రోజులు ఆ కారును చూస్తే ఒళ్లు మండేది, ఇప్పుడు కిటికీ దగ్గరికే పోవడం లేదు. మెట్ల మీద కొరియర్ పిల్లవాడు అడుగు వేసినా లేచి నిలబడుతున్నాను. నిన్నటి నుంచి తెలియని నంబర్ల నుంచి ఒకటే ఫోన్లు. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి ఫోన్ బంద్ చేసి బీరువాలో పడేశాను.

షట్టర్ కడ్డీ గోడకు తగిలించే చోట లేదు. నా కుర్చీ పక్కనే ఉంది. ఇంతే చెప్పగలను.

ఒక్కసారి ములాఖాత్‌కు రావాలనిపించింది. బస్టాప్ దాకా వచ్చి వెనక్కి పోయాను. రానన్నాను కదా, నువ్వు పిలవందే ఎట్లా వస్తాను?

అక్క

—

జైలు,
4 జూన్ 2025, బుధవారం

అక్కా, అక్కా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న ములాఖాత్ అని పేరు పిలిస్తే నువ్వేననుకొని పరుగెత్తాను. జాలీకి అటువైపు జయంతి మేడం, ఆమె పక్కన మధుసూదన్.

నేను ముందు ఉమ్మాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, జాలీలోంచి ఆయన చొక్కా మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. నల్ల కళ్లద్దాలు తీసి చూపించాడు. అక్కడ కన్ను లేదు అక్కా, కుట్లున్నాయి. నేను చేసిందేమిటో ఇప్పటిదాకా నేనే చూడలేదు.

"మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పనండి. కానీ ముందు ఆవిడ వేళ్లు విరిచింది నేనే. ఆ చప్పుడు నిద్రలో వినిపిస్తోంది" అన్నాడు. "క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లు కారులో వచ్చానో. మెట్లెక్కే ధైర్యం రాలేదు. ఒకసారి ఆవిడ గ్లాసు విసిరారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు, ముఖం ఒకవైపే కదిలింది.

కారు సంగతి అదీ. ఫోన్లు చేసింది కూడా వాళ్లే. ఆదివారం నుంచి నీ ఫోన్ కలవడం లేదట. ముందు చెయ్యి చేసుకున్నది తానేనని, నా బెయిలుకు అడ్డం రానని శనివారం కాగితం మీద సంతకం పెడతాడు. ఆదివారం పొద్దున జయంతి మేడంతో కలిసి షాపుకు వస్తాడు. విరిగిన కర్ర కూడా తెస్తాడు. నువ్వే బాగుచేయాలట. ఈ సంగతి నీకు నేనే రాస్తానని మేడంతో చెప్పాను.

నిన్ను ఎట్లా ఒప్పించాలని అడిగాడు. మన ఇంటి పద్ధతి చెప్పాను. మనిద్దరం కొట్లాడుకుంటే నాయన ఏం చేయించేవాడు? తప్పు చేసినవాళ్లు బల్ల మీది కొమ్ము తీసి రెండోవాళ్ల చేతిలో పెట్టాలి, అందుకున్నారంటే కోపం పోయినట్టే. "మాటలేమీ వద్దు సార్. బల్ల మీద కొమ్ము ఉంటది, తీసి మా అక్క చేతిల పెట్టుండ్రి, ఆమెకు సమఝైతది" అన్నాను. రెండుసార్లు అడిగి నేర్చుకున్నాడు, ఏ చేత్తో ఇవ్వాలో కూడా.

రాకేష్ నోట విన్నవన్నీ మరిచిపో. అవి పిచ్చి కోపంలో అన్నవి. ఈసారి దొంగదారులు వద్దనుకొని ఆఫీసులోనే ఇస్తున్నాను. ఆదివారం లోపల అందేటట్టు చూడమని అక్కడి సార్‌ను బతిమాలాను, సరేనన్నారు.

మధుసూదన్ సార్ వస్తే చాయ్ పెట్టు. చక్కెర తక్కువ తాగుతాడట.

నీ తమ్ముడు,
సాయి

—

మహిళా జైలు,
9 జూన్ 2025, సోమవారం

సాయీ,

నీకు ఎవరైనా చెప్పారో లేదో. నేను కూడా లోపలే ఉన్నాను.

నిన్న పదిన్నరకు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. మెట్ల మీద అడుగులు వినగానే తెలిసిపోయింది, ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఎక్కుతున్నాడు. నల్ల కళ్లద్దాలు. చేతిలో ఆ కర్ర పైసగం. "రేణుక గారూ" అన్నాడు. కర్రను గోడకు ఆనించాడు. ఇంకేమీ మాట్లాడకుండా బల్ల మీద వెతికాడు. వెతికి, కొమ్ము తీసుకున్నాడు. అది పట్టుకొని నా మీదికి వచ్చాడు.

నాయన కొమ్మును మనిద్దరం తప్ప ఎవరూ ముట్టరు కదా. దాని కొస నా ముఖం వైపే ఉంది. కన్ను పొడవడానికే వస్తున్నాడనుకున్నాను. కడ్డీ ఎప్పుడు అందుకున్నానో తెలియదు. తల మీద కొట్టాను. కళ్లద్దాలు పగిలి ఆయన ముఖంలోనే గుచ్చుకున్నాయి. మోకాళ్ల మీద పడ్డాడు. ఒక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, రెండో చేత్తో కొమ్ము ఇంకా నా వైపే చాపాడు. "సాయి చెప్పాడు" అన్నాడు. నీ పేరు ఆయన నోట్లోంచి వచ్చేసరికి నీకేదో చేసి వచ్చాడనుకున్నాను. మళ్లీ కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. ఎన్నిసార్లో నన్ను అడగకు. ఇప్పుడు నీ మీద నాకు కోపం లేదు, నాకూ లెక్క గుర్తులేదు.

నెత్తురు బల్ల కిందికి పారి దారాల దాకా వచ్చింది. జయంతి మేడం పైకి వచ్చేటప్పటికి నేను కడ్డీ పట్టుకొని అట్లాగే నిలబడి ఉన్నాను. కింద బండి పెట్టడానికి చోటు దొరక్క వెనకబడిందట. నన్ను చూసి, ఆయనను చూసి, మెట్ల మీదే కూలబడింది. ఆమెకు ఆయనతో ఏం పనో నాకు అర్థం కాలేదు. ఆమె ఏదో చెప్పబోయింది, అంతలో జనం వచ్చారు. ఆయన పిడికిట్లోంచి కొమ్ము తీయడానికి పోలీసులు ఒక్కో వేలు విప్పాల్సి వచ్చింది. ఊపిరి ఉందన్నారు.

ఎవరైనా చెప్పి చేయించారా అని స్టేషన్‌లో అడిగారు. ఎవరూ చెప్పలేదన్నాను. ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతాను.

ఒకటి దాచాను సాయీ, ఇక దాచలేను. ఆ కర్ర తప్పు నాదే. దానికి దారం చుట్టిన రోజు కొమ్ము కనబడలేదు, చెంచా కాడతో రుద్దాను. దారం పీచు లేచింది. రెజిన్ పూస్తే కనబడదులే అని పూసేశాను. నువ్వు నా పని గురించి గొప్పగా రాసిన ప్రతిసారీ నాకు ముద్ద దిగలేదు. ఆయన నిజమే చెప్పాడు. నా బద్ధకానికి నువ్వు ఆయన కన్ను తీశావు.

ఇక్కడ పక్కన పడుకునే ఆమె నిద్రలో పిల్లలను పిలుస్తుంది. నాకు నువ్వు తప్ప పిలవడానికి ఎవరూ లేరు.

అక్క

—

మదీనాగూడ,
21 జూన్ 2025, శనివారం

అక్కా,

నువ్వు రాసింది నా జైలుకు పోయి, నేను లేనని తిరిగి షాపుకే వచ్చింది. ఇవాళ చదివాను.

పన్నెండో తేదీన బయటికి వచ్చాను. మధుసూదన్ శనివారమే సంతకం పెట్టాడు, ఆ కాగితం మీదే బెయిలు వచ్చింది. ఆయన పదో తేదీన పోయాడు, నీకు చెప్పే ఉంటారు. నాకు గేటు బయట జయంతి మేడం చెప్పింది. నేను అక్కడే రోడ్డు మీద కూర్చున్నాను.

షట్టర్ ఎత్తితే లోపల నేల మీద నా ఉత్తరం పడి ఉంది. నాలుగో తేదీన రాసింది, పదో తేదీ ముద్ర వేసి పంపారు. ఎవరూ విప్పలేదు. దీంతోపాటే పెడుతున్నాను. చదవకుండా చించెయ్యమని చెబుదామనుకున్నాను. కానీ ఆయన ఎందుకు వచ్చాడో నీకు తెలియకుండా ఉండటం ఆయనకు అన్యాయం. చదువు. కూర్చొని చదువు, పక్కన ఎవరినైనా ఉండమను.

ఆ కర్ర పైసగం గోడకే ఉంది. మన సామానే అనుకొని పోలీసులు వదిలేశారు. ఊడిన మూడో రింగును దారంతో సహా టేపు వేసి అంటించి తెచ్చాడు. టేపు విప్పి భూతద్దం పెట్టి చూశాను. నువ్వు చెంచా కాడతో రుద్దిన చోట పీచు ఉన్నమాట నిజమే. కానీ దారం అక్కడ తెగలేదు అక్కా. తెగింది రింగు కాలి కొస దగ్గర, బ్లేడుతో కోసినట్టు ఒకే గీతలో. ఆ కొసను తడిమితే నా వేలే తెగింది. ఆ కాళ్లు అరగదీయడం నా పని. ఆ రోజు ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ రెండు రింగులు చేసి, మూడోది చేశాననుకొని నీ ముందు పెట్టాను. నువ్వు నమ్మి చుట్టావు. దాన్ని అరగదీయడానికి బద్ధకించి, అదే ఆకురాయితో ఆయన ముఖం మీద కొట్టాను.

దారాల డబ్బాలో రాకేష్ తెచ్చిన కాగితం దొరికింది. అది నా చేతిరాతేనా అని రెండోసారి చూసుకున్నాను. "పడ్డాక కూడా ఆగకు" అని రాసింది నేనే. జయంతి మేడానికి చూపించాను. ఆమె చదివి, మడిచి నా చేతిలోనే పెట్టింది. తర్వాత, "నేను దీన్ని చూడలేదు. నువ్వు ఇంటికి పోయి ఆలోచించు. ఇది బయటపడితే నీ బెయిలు పోతుంది, హత్య కేసులో నీ పేరూ చేరుతుంది" అంది.

వచ్చి ఆలోచించాను. సోమవారం పొద్దున స్టేషన్‌కు తీసుకుపోయి ఇస్తున్నాను. చంపాలని నీకు లేదు, చంపమని రాసింది నేను. జడ్జి ముందు ఎవరూ చెప్పలేదని నువ్వు మళ్లీ అనకు. నా కోసం అబద్ధం ఆడితే మాత్రం నేను నీతో మాట్లాడను.

నీ ములాఖాత్ రోజు మంగళవారమట, కనుక్కున్నాను. రావాలని ఉంది కానీ అప్పటికి నేను లోపలే ఉంటాను. ఉత్తరం రాయి. నా చిరునామా పాతదే.

సాయి